వదినకు వచ్చిన కల

మా అమ్మ పోయాక ఎవరెవరి కలల్లోకి వచ్చిందో నాకు బాగా తెలుసు. రాంనగర్‌లో ఉండే మా పిన్నికి వచ్చింది. మా అన్నయ్యకు వచ్చి, ఏమీ మాట్లాడకుండా కాసేపు కూర్చుని వెళ్ళిపోయిందట. మా కింది వాటాలో కిరాయికున్న ఆవిడకు కూడా వచ్చింది. పసుపుపచ్చ చీర కట్టుకుని డాబా మీద వడియాలు తిరగేస్తూ కనిపించిందని నన్ను మెట్ల మీద ఆపి మరీ చెప్పింది. పక్క మార్చి, ఒళ్ళు తుడిచి, ముక్కులోని గొట్టంలోంచి పాలూ జావా పోసి, ఆఖరి వరకూ ఆ మంచం పక్కనే నేల మీద పడుకున్న నాకు మాత్రం రాలేదు. ఇది ఫిర్యాదే. ఎవరికి చేసుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

అందరి కలల కంటే మా వదిన కల పెద్దది. అది నా మీదికి వచ్చింది.

మేం చిక్కడపల్లిలో పుట్టి పెరిగినవాళ్ళం. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడినప్పుడు నాన్న ఆఫీసుతోపాటు ఇక్కడికి వచ్చారు. మేం పుట్టిన ఇంట్లోనే నేనూ అమ్మా ఉండేవాళ్ళం. నాకు పెళ్ళి కాలేదు. దాని గురించి మా బంధువులు అన్నవన్నీ నాకు గుర్తున్నాయి గాని, అవి వేరే కథ. అన్నయ్య అశోక్‌నగర్‌లో అపార్ట్‌మెంటు కొనుక్కుని వెళ్ళాడు. నడిస్తే ఎంతో దూరం లేదు. అయినా అమ్మకు పక్షవాతం వచ్చి పడిపోయాక ఆ దూరం పెరిగింది. అమ్మకు మాట పోయింది. మింగడం పోయింది. నోటితో చుక్క నీళ్ళు పోసినా అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఆసుపత్రిలో చెప్పి, ముక్కులో గొట్టం పెట్టి ఇంటికి పంపించారు. ఇంటికి అంటే మా ఇంటికే.

అమ్మ పోయాక కర్మలన్నీ అన్నయ్య ఇంట్లోనే జరిగాయి. పెద్దకొడుకు కదా. నెలనెలా మాసికానికి నేను చిక్కడపల్లి నుంచి వెళ్ళి, వాళ్ళు నిలబడమన్నచోట నిలబడి, పెట్టింది తిని వచ్చేవాణ్ణి. అలాంటి ఒక మాసికంనాడు, అందరం భోజనాల దగ్గరున్నప్పుడు, మా వదిన తన కల చెప్పింది. అత్తయ్యగారు గ్రిల్లు తలుపు అవతల నిలబడి ఉన్నారట. చేతిలో ఖాళీ గ్లాసు. ఆకలేస్తోంది, నాకెవరూ ఏమీ పెట్టడం లేదు అన్నారట.

పిన్ని చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "ఏ వేళప్పుడే?" అని అడిగింది.

"తెల్లవారుజామునండీ. పాలపాకెట్లు వేసే వేళ."

ఇక చెప్పేదేముంది? ఆ వేళ వచ్చిన కల నిజమని మాకందరికీ పాలతోపాటు పట్టిన సంగతే. అందరూ నావైపు చూశారు. నేరుగా కాదు. ఒకరు గోడ మీది ఫొటో చూసి, అక్కడి నుంచి నన్ను చూశారు. అన్నయ్య మాత్రం, అమ్మ చిక్కిపోయి కనిపించిందా అని వదినను అడిగాడు. నేను మజ్జిగ పోయించుకోకుండానే లేచి వచ్చేశాను. లేవొద్దని ఎవరూ అనలేదు.

వారం తిరగకుండా పిన్ని ఫోను చేసింది. "ఏరా, చివరి రోజుల్లో మంచినీళ్ళు కూడా పొయ్యలేదటగా?" అంది. డాక్టర్లు వద్దన్నారు పిన్నీ అన్నాను. "డాక్టర్లు వంద చెబుతారు" అని పెట్టేసింది. ఆ ఫోను వచ్చినప్పుడు నేను ఎక్కడ నిలబడి ఉన్నానో, చేతిలో ఏముందో కూడా చెప్పగలను. కొత్తిమీర కట్ట.

తరువాత అన్నయ్య పిలిచి, సంవత్సరీకం ఘనంగా చేద్దామని, ఆకలితో పోయింది కాబట్టి ఆరోజు నలుగురికీ అన్నం పెడితే అమ్మకు శాంతి కలుగుతుందని చెప్పాడు. ఆకలితో పోయింది కాబట్టి! అంటే నేను మాడ్చి చంపినట్టు సంవత్సరీకం సాక్షిగా తీర్మానం అయిపోతుంది. వెళితే ఆ నింద ఒప్పుకున్నట్టు. వెళ్ళకపోతే, చూశారా, మొహం చెల్లక రాలేదంటారు. రానని అన్నయ్యకు చెప్పేశాను గాని, తల్లి సంవత్సరీకానికి పోని కొడుకును అవుతానన్న సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. నిజానికి అప్పటికే నిద్ర లేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఊపిరి చప్పుడు వింటూ పడుకున్న ప్రాణం. ఆ చప్పుడు లేకపోయేసరికి పడుకోవడం మరచిపోయింది.

మా వీధి డాక్టరు నిద్రమాత్రలు రాయనన్నాడు. నారాయణగూడలో ఒకామె ఉంది, మనసు సంగతులు మాట్లాడుతుంది, కలల మీద కూడా పనిచేస్తుంది, వెళ్ళండి అన్నాడు. కలల మీద అన్న మాట లేకపోతే వెళ్ళేవాణ్ణి కాదు. నాకు కావలసింది నిద్ర కాదు. ఆ కల చెల్లదని చదువుకున్న మనిషి ఎవరైనా చెప్పాలి. వీలైతే కాగితం మీద.

కళ్ళద్దాల దుకాణం పైన రెండో అంతస్తులో ఆమె గది. కిటికీ మూసినా కింద బస్సుల హారన్లు వినబడుతూనే ఉంటాయి. ఆమెకు ముప్పై దాటి ఉంటాయేమో. కరీంనగర్ వైపు మాట. నన్ను చూడగానే "రాండి అంకుల్, కూసోండి" అంది. నేను మీకు అంకుల్ని ఎలా అవుతానని అడిగాను. మరి ఏమని పిలవమంటరు అని అడిగింది. ఏమీ పిలవక్కర్లేదన్నాను. తరువాత సార్ అనడం మొదలుపెట్టింది.

"ఆ కల మీకు వచ్చిందా సార్?"

"కాదు. మా వదినకు."

"మరి మీ వదినగారు వస్తరా?"

"ఆవిడెందుకు వస్తుంది? ఆవిడకు బాగానే నిద్రపడుతుంది."

ఆమె నవ్వలేదు. నవ్వుంటే లేచి వచ్చేసేవాణ్ణి. నేను వచ్చిన పని చెప్పాను. ఆమె విని, వేరేవాళ్ళ కల నిజమా అబద్ధమా తాను తేల్చలేనంది. నా కలైనా తేల్చనంది. "కలకు నేను అర్థం చెప్పను సార్. ఎవరికి వచ్చిందో వాళ్ళే చెప్పాలె. నేను అడుగుత, అంతే."

నాకు నీరసం వచ్చింది. నేను చాలా ఏళ్ళు అచ్చాఫీసుల్లో ప్రూఫులు దిద్దినవాణ్ణి. అశోక్‌నగర్ పిల్లలు చదివే పోటీపరీక్షల గైడ్లు, ఏడాదికోసారి పంచాంగం. పంచాంగం చివర స్వప్నఫలాల పేజీ ఉంటుంది. పాము కరిస్తే ఇది, పన్ను ఊడితే ఇది, పెళ్ళి జరిగితే ఇది. ఏటా అదే పేజీ, నిరుటి దాన్నే తెచ్చి అతికిస్తారు. ఈమె దగ్గర అలాంటిదే ఇంకాస్త పెద్ద పేజీ ఉంటుందనుకున్నాను. లేదని తేలాక, మరి మీరు చదివిందేమిటని అడిగాను. అడగాల్సిన ప్రశ్నే అది. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

"మీ వదినగారికి ఒక్కపారే వచ్చింది. మీ దగ్గర ఇన్ని రోజుల సంది ఉన్నది. మీ దగ్గరున్న కల మీరు చెప్పండి. అయిపోయినట్టు కాదు, ఇప్పుడే అయితున్నట్టు" అంది.

అదేదో చిన్నపిల్లల ఆటలా అనిపించింది. అయినా చెప్పాను. అప్పటికే ఆ కలను నేను ఎందరికో చెప్పి ఉన్నాను. కిరాణాకొట్టు వాడికి కూడా చెప్పాను, మా వదిన ఎలాంటిదో తెలియాలని. చెప్పిన ప్రతిసారీ కోపంగా, గబగబా చెప్పేవాణ్ణి. ఇప్పుడు జరుగుతున్నట్టు చెప్పాలంటే గబగబా చెప్పడం కుదరదు. అశోక్‌నగర్‌లో అన్నయ్య ఇల్లు అన్నాను. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఇనుప గ్రిల్లు వేసి ఉంది. అమ్మ బయట నిలబడి ఉంది. చేతిలో ఖాళీ గ్లాసుంది. ఆకలేస్తోంది, నాకెవరూ ఏమీ పెట్టడం లేదంటోంది. నేను కిందిమెట్టు మీద ఉన్నాను. సంచి బరువుగా ఉంది.

"సంచి ముచ్చట వదినగారు చెప్పిన్రా?"

ఆలోచించాల్సి వచ్చింది. వదిన సంచి మాట చెప్పలేదు. మెట్లూ చెప్పలేదు, నన్నూ చెప్పలేదు. నోరు జారిందన్నాను. ఒక్కోసారి పక్కపేజీలోని వాక్యం ఈ పేజీలో పడుతుంది, ప్రూఫు దిద్దేవాడు కొట్టేస్తాడు, కొట్టెయ్యండి అన్నాను.

"కొట్టేయకండి సార్, జర ఉండనీయండి. ఏం సంచి అది?"

ఆసుపత్రి నుంచి అమ్మను ఇంటికి పంపించిన రోజు సంచి అది. జిప్పు పోయిన నీలం సంచి. అందులో దుప్పటి, ఫ్లాస్కు, ఎక్స్‌రేలు, ఇక తొడుక్కోనక్కర్లేని అమ్మ చెప్పులు. వరండాలో అన్నయ్య, నేను, వదిన ఉన్నాం. అమ్మను ఎక్కడికి తీసుకెళ్ళాలన్న మాట ఎవరూ ఎత్తడం లేదు. చివరికి అన్నయ్య, మాది మూడో అంతస్తు కదరా అన్నాడు. లిఫ్టుంది కదా అన్నాను. ఆ లిఫ్టులో స్ట్రెచరు పట్టదురా అన్నాడు. అంటే అప్పటికే కొలుచుకుని వచ్చాడన్నమాట. వదిన కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడింది. ఆంబులెన్సు వచ్చేవరకూ నేను ఆ సంచి పట్టుకుని మెట్ల మీద నిలబడే ఉన్నాను. కింద పెట్టొచ్చు. పెట్టలేదు. ఇలా ఇవ్వు అని ఎవరైనా అంటారేమోనని చూశాను.

ఇదంతా నేను ఆమెకు చెప్పాను. అప్పుడు ఒంట్లో ఎట్లుండె అని అడిగింది. చెయ్యి లాగిందన్నాను. ఇప్పుడెట్లున్నది అంది. చూసుకుంటే ఎడమచేత్తో కుడి మోచెయ్యి నొక్కుకుంటున్నాను. ఆమె బల్ల మీది కాగితపు రుమాళ్ళ డబ్బా నావైపు కొంచెం జరిపింది. నేను ఏడవలేదు. ఏడవని మనిషి ముందుకు ఆ డబ్బా జరపడం నాకు నచ్చలేదు. తరువాతిసారి వెళ్ళినప్పుడు ఆ సంగతి చెప్పాను. తప్పే సార్, తొందరపడ్డ అంది. మా ఇంట్లో ఎవరి నోటా నేను ఆ మాట వినలేదు. అందుకే మళ్ళీ వెళ్ళానేమో.

ఆమె తప్పులు అక్కడితో ఆగలేదు. ఒకసారి మా అన్నయ్యను మీ తమ్ముడు అంది. కథంతా అతను పెద్దకొడుకు కావడం మీదే నడుస్తుంటే అది మరచిపోతే ఎలా అని గట్టిగానే అడిగాను. ఇంకోసారి నేను మాట్లాడుతుండగా ఆవులింత ఆపుకుంది. నేను చూశాను. ఆమె నాకంటే ముందు ఇంకెవరి గోడో విని ఉంటుంది, నా తరువాత మరొకరిది వినాలి. అలసట నాకు అర్థమవుతుంది. కానీ చూసింది చూసినట్టు గుర్తుంటుంది, నేనేం చెయ్యను?

నా సొంత కలలేమైనా ఉంటే తెమ్మనేది. లేవన్నాను. నిద్రపోనివాడికి కలలెక్కడివి? కొద్దిగా కునుకు పట్టి మెలకువ వచ్చినప్పుడు వెంటనే లేవకుండా, పక్కకు తిరగకుండా, అలాగే పడుకుని ఏం మిగిలిందో చూడమంది. బొమ్మ లేకపోయినా పర్వాలేదట. చూశాను. ఏమీ మిగలలేదు, అలసట తప్ప. అదే వెళ్ళి చెప్పాను, ఇక నన్ను వదిలేస్తుందని. వదల్లేదు. ఆ అలసట ఎట్లుంటదో చెప్పమంది. పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉంటుందన్నాను. ఆ పోలిక ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. రోజూ అమ్మ కింద దుప్పటి ఉతికి డాబా మీదికి మోసుకెళ్ళేవాణ్ణి. ఇద్దరు చెరోవైపు పట్టుకుని పిండాల్సిన దుప్పటి. ఒక్కణ్ణే పిండలేక, నీళ్ళు కారుతుండగానే తీగ మీద వేసేవాణ్ణి. తీగ కిందికి వంగేది. ఇది కల కాదు కదా అన్నాను. "కల రానప్పుడు గిదే కల చేసే పని చేస్తది సార్" అంది. ఆ దుప్పటి రెండో చివర ఎవరు పట్టుకోవాలనుకున్నరు అని అడిగింది. నేను కిటికీ వైపు చూశాను. కింద ఎవరో ఆటోవాడితో తగువాడుతున్నారు.

సంవత్సరీకం దగ్గర పడింది. వెళ్ళనన్న మాట మీదే ఉన్నాను. ఆ సంగతి ఆమెకు చెబితే, వెళ్ళమనిగాని మానమనిగాని అనలేదు. ఏమీ అనకపోవడంలో వాళ్ళకు మంచి తర్ఫీదు ఉంటుంది. మళ్ళీ కల దగ్గరికే వచ్చింది.

"అమ్మ ఆకలైతుందని అన్నది. అయినంక మీ వదినగారు ఏం చేసిన్రు?"

"ఎప్పుడు?"

"కలల సార్."

"నాకేం తెలుసు? అది ఆవిడ కల."

"ఎవరన్న అడిగిన్రా?"

ఎవరూ అడగలేదు. పిన్ని వేళ అడిగింది. అన్నయ్య చిక్కిపోయిందా అని అడిగాడు. నేనైతే లేచి వచ్చేశాను. అంత పెద్ద కలను అందరూ పట్టుకుని నామీద వేశారు గాని, అది ఎక్కడ ఆగిందో ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆమె గోడ గడియారం వైపు చూసింది. టైమైపోయింది. సరిగ్గా అలాంటి చోట గడియారం చూసింది.

సంవత్సరీకం రోజున స్నానం చేసి అశోక్‌నగర్ బయలుదేరాను. మనసు మారి కాదు. అడగడానికి.

ఆ వీధుల్లో ఉదయం నడవాలంటే పిల్లల్ని తప్పుకుంటూ నడవాలి. నల్గొండ నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. టీకొట్టు దగ్గర ఒక కుర్రాడు రాత్రి కలలో రిజల్ట్ వచ్చిందని చెబుతున్నాడు.

"వచ్చిందా మరి పోస్టు?"

"ఒక్క మార్కుల పోయింది అన్నా."

"కలల గూడ కటాఫ్ దాటవేందిరా నువ్వు" అని పక్కవాడు వీపు మీద చరిచాడు. అందరూ నవ్వారు, కల వచ్చినవాడు కూడా. మా ఇంట్లో కలలు ఇంత తేలిగ్గా పోవు.

అన్నయ్య నన్ను చూసి, వచ్చావా అన్నాడు. రానన్నావు కదా అని కూడా అంటాడని చూశాను. అనలేదు. పురోహితుడి ముందు అన్నయ్య పీట మీద కూర్చున్నాడు, నన్ను వెనక నిలబడమన్నారు. నిలబడ్డాను. పిన్ని సోఫాలో కూర్చుని నా వీపునే చూస్తోందని తిరగకుండానే తెలిసింది. మంత్రాలు అయ్యాక, విస్తళ్ళు వేసేలోపు, వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. మా వదిన గారెలు వేస్తోంది. పిల్లల వరసన ఆవిడ నన్ను బాబాయ్ అనే పిలుస్తుంది.

"వదినా, ఒక మాట అడగాలి."

"నూనె కాగిపోతోంది బాబాయ్, తరవాత."

"ఆ కలలో, అమ్మ ఆకలేస్తోంది అన్నాక మీరేం చేశారు?"

ఆవిడ చిల్లుల గరిటె నూనెలోనే ఉంచి నావైపు చూసింది. దెబ్బలాడడానికి వచ్చాననుకుంది మొదట. నేను ఇంకేమీ అనకుండా నిలబడ్డాను. అది నారాయణగూడలో నేర్చుకున్న విద్య అనుకోండి, లేదా మాట్లాడే ఓపిక లేదనుకోండి.

"ఏం చేస్తాను? గ్రిల్లు తీద్దామని వెళ్ళాను."

"తీశారా?"

"లేదు."

"తాళంచెవి దొరకలేదా?"

"నా చేతిలోనే ఉంది బాబాయ్." ఆవిడ గొంతు బాగా తగ్గింది. "తీస్తే లోపలికి వచ్చేస్తారని తీయలేదు."

ఒక గారె నల్లబడుతోంది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి ఆవిడే తేరుకుని తీసి పక్కన పడేసింది.

"నేనెక్కడున్నాను?" అని అడిగాను.

"మీరా? మీరు లేరు."

మెట్ల మీద కూడానా అని అడగబోయి ఆగిపోయాను. ఇన్ని నెలలు ఆ కలను భుజాన వేసుకుని తిరిగాను. దాన్ని చెరిపించడానికి పైసలు పోసి రెండంతస్తులు ఎక్కాను. తీరా అందులో నేను లేనే లేను. అమ్మ నామీద చాడీ చెప్పలేదు. ఆవిడ అడిగింది తాళంచెవి ఉన్న మనిషిని. నాకు ఊరట కలిగిందని చెప్పలేను. ఎంత కోపం వృథా అయిందో అనే తలుచుకున్నాను. వదిన మీద జాలి కూడా కలగలేదు. కలగాల్సిందేమో.

"ఈ ముక్క కూడా అందరికీ చెప్పండి" అన్నాను.

"ఎలా చెప్పను బాబాయ్?"

"మొదటి ముక్క ఎలా చెప్పారో అలాగే."

చెబుతుందనుకోలేదు. విస్తళ్ళు వేశారు, అందరం కూర్చున్నాం. నన్ను పిన్ని పక్కన కూర్చోబెట్టారు. వదిన పరమాన్నం వడ్డిస్తూ మా వరుసకు వచ్చి, పిన్ని ముందు వంగి, గిన్నెలోకి చూస్తూ చెప్పింది. "పిన్నిగారూ, ఆ కలలో అత్తయ్యగారు అడిగింది నన్నండీ. బాబాయ్‌ని కాదు." ఎదురు వరుసలో అన్నయ్య తల ఎత్తాడు. తాళంచెవి మాట ఆవిడ చెప్పలేదు. చెప్పమని నేనూ అనలేదు. ఆ మాట అంటూ వడ్డించిన పరమాన్నం విస్తరి అంచు మీద పడింది.

పిన్ని ఏమీ చలించలేదు. "ఎవర్నడిగితే ఏముందే? ఆకలితో పోయింది కదా మా అక్క" అంది.

దాంతో అయిపోయింది. సవరణ పడింది, ఎవరూ చదవలేదు. మామూలుగానైతే నేను అప్పుడు లేచేవాణ్ణి. ఆసుపత్రి కాగితాల్లో ఏముందో, ఏ డాక్టరు ఏమన్నాడో, ఎవరెవరు ఎన్నాళ్ళు మొహం చూపించలేదో వరసగా చెప్పి లేచేవాణ్ణి. ఆ ప్రసంగం నాకు నోటికి వచ్చు. ఆవేళ దానికి ఓపిక లేదు.

"ఆకలితో పోలేదు పిన్నీ" అన్నాను. "గొట్టంలో పోశాను. వేళకు పోశాను."

"గొట్టంలో పోస్తే నోటికి తెలుస్తుందట్రా?"

అంత సరైన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. తెలియదన్నాను. నోరు ఎండిపోతుందని, దూది తడిపి పెదాలకు అద్దమని నర్సు చెప్పింది, అద్దేవాణ్ణి అన్నాను.

"ఉత్తి మంచినీళ్ళేనా?"

"ఒకరోజు కాఫీ."

పిన్ని నావైపు తిరిగింది. అమ్మ పోయాక ఆవిడ నా మొహం చూడడం అదే మొదలు. "అడిగిందా?"

"మాట లేదు కదా. నేను తాగుతుంటే గ్లాసు వైపు చూసింది. దూది ముంచి, బాగా పిండి, నాలుక చివర అద్దాను."

"ఏం చేసింది?"

"మొహం చిట్లించింది. పంచదార లేదు అందులో."

పిన్ని నోట్లోంచి నవ్వులాంటిది ఒకటి వచ్చి అక్కడే ఆగిపోయింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రెండు చెంచాలు పడాలిరా దానికి. లేకపోతే గ్లాసు పక్కన పెట్టేసేది, పెళ్ళికాక ముందు నుంచీ అంతే" అంది. తరువాత నా విస్తరి వైపు చూసి, నేనేమీ తినలేదని గమనించి, తినమని మాత్రం అనలేదు.

"ఇంకా ఏం చేసేదిరా?"

అన్నం ఆరిపోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఏడాదిగా ఎవరూ అడగని సంగతి. ఇప్పుడు అడిగేసరికి చెప్పడం కూడా ఒక పనిలా, బరువుగా అనిపించింది.

"ఇంటికి తెచ్చిన రోజు నుంచి చెప్పనా?"

"చెప్పు" అంది పిన్ని.

వదిన గిన్నె పట్టుకుని పక్క విస్తరికి వెళ్ళకుండా అక్కడే నిలబడింది. నేను మొదలుపెట్టాను.